రాష్ట్రం స్కూల్ డిస్ట్రిక్టును చేతిలోకి తీసుకుంటే ఏం మారుతుంది, ఏం మారదు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా పిల్లలు అమెరికాలో ఒక పెద్ద నగరపు పబ్లిక్ స్కూల్లో చదువుతున్నారు. డిస్ట్రిక్టులో కొన్ని స్కూళ్లకు ఏళ్ల తరబడి ఎఫ్ (ఫెయిల్) గ్రేడే వస్తోంది. రాష్ట్రం టేకోవర్ చేస్తుందంటున్నారు. మర్నాటి నుంచి ఏం మారుతుంది? చదువు బాగుపడుతుందా? మేం ఏం గమనించుకోవాలి? వెంటనే ఇల్లు మారాలా?"

స్కూల్ డిస్ట్రిక్టు అంటే ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే స్థానిక సంస్థ. టేకోవర్ అయిన రోజున మారేది సంతకం పెట్టే చెయ్యి. బడ్జెట్టు, సూపరింటెండెంటు (డిస్ట్రిక్టు ముఖ్య అధికారి) నియామకం, ఏ స్కూలు ఉంచాలి ఏది మూయాలి అన్న నిర్ణయాలు ఓటర్లు ఎన్నుకున్న బోర్డు నుంచి రాష్ట్రం నియమించిన వాళ్లకు పోతాయి. ఆ అధికారాన్ని తరగతి గదిలో దేనికి వాడారన్న దాన్ని బట్టే చదువు సంగతి తేలుతుంది. అసలు చెడింది ఏమిటో తేల్చుకోకుండా రాష్ట్రం దిగిన చోట్ల ఏళ్లు గడిచినా ఫలితం కనిపించలేదు. కొన్ని చోట్ల ఉన్నది కూడా పోయింది.

చట్టం సంగతి త్వరగా ముగిద్దాం. అమెరికా రాజ్యాంగంలో విద్య ప్రస్తావనే లేదు. పిల్లలకు బడి కల్పించే బాధ్యత రాష్ట్రాల రాజ్యాంగాల్లో ఉంటుంది. స్కూల్ డిస్ట్రిక్టులు రాష్ట్ర చట్టం పుట్టించినవి, కాబట్టి రాష్ట్రం తలుచుకుంటే వాటి అధికారం తీసుకోగలదు. ఆ పని మొదట చేసింది న్యూజెర్సీ. 1989లో జెర్సీ సిటీని, 1991లో ప్యాటర్సన్‌ను, 1995లో నెవార్క్‌ను తన చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం ఒక్కో పద్ధతి పెట్టుకుంది. మసాచుసెట్స్‌లో ఒకే ఒక్క రిసీవరుకు బోర్డు అధికారం, సూపరింటెండెంటు అధికారం రెండూ ఇస్తారు. టెక్సస్‌లో ఎన్నికైన బోర్డును పక్కన పెట్టి 'బోర్డ్ ఆఫ్ మేనేజర్స్'ను, దాంతోపాటు కొత్త సూపరింటెండెంటును వేస్తారు. మిషిగన్‌లో ఎమర్జెన్సీ మేనేజరు వస్తాడు. టెనెస్సీ, లూసియానా బాగా వెనకబడ్డ స్కూళ్లను ఏరి, రాష్ట్రమే నడిపే వేరే డిస్ట్రిక్టులో పడేశాయి. 2015 నాటి కేంద్ర విద్యా చట్టం అట్టడుగు 5 శాతం స్కూళ్లను గుర్తించమంటుంది తప్ప, వాటిని టేకోవర్ చేయమని ఎక్కడా చెప్పదు. ఆ నిర్ణయం పూర్తిగా రాష్ట్రానిదే.

మీ రాష్ట్రంలో టేకోవరును ఏది తెచ్చిపెడుతుందో వెతికి చదవండి. మిగతా కథలో సగం అక్కడే తెలిసిపోతుంది. టెక్సస్‌లో 2015 చట్టం ప్రకారం ఒక్క స్కూలు వరసగా ఐదేళ్లు ఫెయిల్ అయితే చాలు. రాష్ట్ర విద్యా కమిషనరు ఆ స్కూలునైనా మూయాలి, మొత్తం డిస్ట్రిక్టు బోర్డునైనా తొలగించాలి. దాదాపు 270 స్కూళ్లున్న హ్యూస్టన్‌లో వీట్లీ హైస్కూలు కారణంగా అదే జరిగింది. 2019లో ప్రకటించారు, కోర్టు ఆపింది, 2021లో చట్టాన్ని సవరించారు, 2023 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు దారి వదిలింది, జూన్ 1న కొత్త బోర్డు కూర్చుంది. ఈ మధ్యలో 2022లో వీట్లీకి సీ గ్రేడు వచ్చేసింది. అయినా ప్రక్రియ ఆగలేదు. "మా స్కూలు ఇప్పుడు బాగుపడింది కదా" అన్న వాదన చట్టం ముందు నిలవదని దీన్నిబట్టి తెలుసుకోవాలి. ఆర్కన్సాలో 2015 జనవరిలో లిటిల్ రాక్‌ను తీసుకున్నప్పుడు 48 స్కూళ్లలో ఫెయిలైనవి ఆరు.

కాలిఫోర్నియా దారి వేరు. అక్కడ మార్కుల కన్నా అప్పు ముఖ్యం. ప్రతి డిస్ట్రిక్టు ఏడాదికి రెండుసార్లు మధ్యంతర లెక్కలు చూపించి, ఈ ఏడాదికీ రాబోయే రెండేళ్లకూ బిల్లులు కట్టగలమో లేదో తేల్చి చెప్పాలి. కట్టగలమంటే 'పాజిటివ్', కట్టలేకపోవచ్చు అంటే 'క్వాలిఫైడ్', కట్టలేం అంటే 'నెగెటివ్'. చివరికి రాష్ట్రం దగ్గర పెద్ద అత్యవసర అప్పు తీసుకుంటే, అప్పుతోపాటు అడ్మినిస్ట్రేటరు కూడా వస్తాడు. ఓక్లాండ్‌కు 2003లో 10 కోట్ల డాలర్ల దాకా అప్పు మంజూరైంది. స్థానిక బోర్డుకు అధికారం 2009లో తిరిగొచ్చింది, అప్పు తీరేసరికి 2025 అయింది. రాష్ట్రం వేసిన మనిషి ఆరేళ్లలో వెళ్లాడు, వాయిదాలు మాత్రం ఆ తర్వాత పుట్టిన పిల్లల బడ్జెట్టులోంచి కూడా కట్టారు.

చెడింది ఏమిటి?

డిస్ట్రిక్టు కూలడానికి కారణాలు మూడు రకాలు. డబ్బు, పాలన, బోధన. మూడూ కలిసి ఉంటాయి గానీ ఏది ముందు చెడిందో తేల్చకపోతే మందు తప్పుతుంది. డెట్రాయిట్ చరిత్ర ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటిది, అందుకే దాని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

1999లో మిషిగన్ ప్రభుత్వం డెట్రాయిట్ బోర్డును తొలగించినప్పుడు డిస్ట్రిక్టు ఖజానాలో సుమారు 9.3 కోట్ల డాలర్ల మిగులుంది. 1994లో ఓటర్లు ఒప్పుకున్న 150 కోట్ల డాలర్ల బాండు, అంటే భవనాల కోసం తెచ్చుకునే అప్పు, కూడా చేతిలో ఉంది. 2005లో బోర్డును తిరిగి ఎన్నుకునే నాటికి మిగులు పోయి, దాదాపు 20 కోట్ల డాలర్ల లోటు మిగిలింది. 2009లో రాష్ట్రం మళ్లీ దిగింది, ఈసారి ఎమర్జెన్సీ మేనేజర్ల రూపంలో. 2016 దాకా నలుగురు మారారు. 2015లో వచ్చిన నాలుగో ఆయన అంతకుముందు ఫ్లింట్ నగరంలో, అక్కడి తాగునీటి సంక్షోభం మొదలైన రోజుల్లో, అదే హోదాలో పనిచేసిన వ్యక్తి. 2009లో కేంద్రం నిర్వహించే నేప్ పరీక్షలో డెట్రాయిట్ పిల్లలకు గణితంలో వచ్చిన స్కోర్లు ఆ పరీక్ష చరిత్రలోనే అతి తక్కువ.

ఎందుకిలా అయిందో తెలియాలంటే డబ్బు వచ్చే దారి చూడాలి. 1994లో మిషిగన్ పన్నుల విధానం మార్చాక, స్కూలు నడిపే డబ్బు తలకింత చొప్పున పిల్లాడి వెంట పోతుంది. లోటు పడితే డిస్ట్రిక్టు స్థానికంగా పన్ను పెంచి పూడ్చుకోలేదు. అదే కాలంలో చార్టర్ స్కూళ్లు (ప్రభుత్వ డబ్బుతో, డిస్ట్రిక్టుకు బయట విడిగా నడిచే బడులు) వచ్చాయి, పక్క డిస్ట్రిక్టులు పిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టాయి, నగరం జనాభా పడిపోతోంది. 1999లో లక్షన్నర దాటి ఉన్న పిల్లల సంఖ్య 2016 నాటికి 50 వేల లోపుకు వచ్చింది.

లెక్క ఎలా దెబ్బతీస్తుందో ఊహించిన అంకెలతో చూడండి. తలకు 10,000 డాలర్లు వచ్చే డిస్ట్రిక్టులో 100 మంది పిల్లలు వెళ్లిపోయారనుకుందాం. ఆదాయం 10 లక్షల డాలర్లు తగ్గింది. ఆ వందమందీ ఒకే స్కూల్లోంచి వెళ్లరు. 20 స్కూళ్లలోంచి తలా ఐదుగురు, అది కూడా వేర్వేరు తరగతుల్లోంచి వెళ్తారు. 26 మంది ఉన్న తరగతిలో 25 మంది మిగిలితే టీచరును తీసేయలేరు, హీటరు ఆపలేరు, బస్సు రూటు రద్దు చేయలేరు. ఆదాయం మొత్తం పోయింది, ఖర్చు మాత్రం ఏమీ తగ్గలేదు. పైగా పాత ఉద్యోగుల పెన్షన్లు, పాత బాండ్ల వాయిదాలు ఉన్న పిల్లల మీద పడతాయి. దాంతో సంగీతం, లైబ్రరీ, నర్సు పోతారు. అది చూసి ఇంకో వందమంది వెళ్తారు.

ఈ సుడిలో ఎమర్జెన్సీ మేనేజరు చేయగలిగింది కోతలు, మూతలు. స్కూలు మూస్తే మిగిలేది అనుకున్నంత ఉండదు. టీచర్లు పిల్లలతో పాటు పక్క స్కూలుకు వెళ్తారు, వాళ్ల జీతాలు అలాగే ఉంటాయి. ఆదా అయ్యేది ప్రిన్సిపల్, ఆఫీసు సిబ్బంది జీతాలు, కరెంటు. ఖాళీ భవనానికి బీమా, కాపలా కొంతకాలం తప్పవు. మూసిన స్కూలు పిల్లల్లో కొందరు డిస్ట్రిక్టునే వదిలి చార్టరుకు వెళ్తే మిగిలిన ఆ కాస్తా హరించుకుపోతుంది. ఫిలడెల్ఫియాలో రాష్ట్రం 2001లో పెట్టిన కమిషన్ 2013లో ఒకేసారి 20కి పైగా స్కూళ్లు మూసినప్పుడు గొడవంతా ఈ లెక్క మీదే నడిచింది.

చివరికి డెట్రాయిట్‌లో పనిచేసింది మేనేజరు కాదు, అప్పును పక్కకు తీయడం. 2016లో శాసనసభ 61.7 కోట్ల డాలర్ల ప్యాకేజీతో డిస్ట్రిక్టును రెండుగా చీల్చింది. పాత సంస్థ కాగితం మీద మిగిలి, ఆస్తి పన్ను వసూలు చేసి అప్పు మాత్రమే తీరుస్తుంది. పిల్లలూ టీచర్లూ కొత్త డిస్ట్రిక్టులోకి వచ్చారు, దానికి కొత్తగా ఎన్నుకున్న బోర్డు. ఈ పని 2009లోనే చేసి ఉండొచ్చు. ఆదాయం పడిపోవడం అసలు జబ్బైన చోట, ఖర్చు కోసే మనిషిని పంపి ఏడేళ్లు పోగొట్టారని నా అభిప్రాయం.

పనిచేసిన చోట ఏం చేశారు

మసాచుసెట్స్‌లోని లారెన్స్‌లో సుమారు 13,000 మంది పిల్లలు, అత్యధికులు లాటినో కుటుంబాల వాళ్లు. 2010 చట్టం కింద రాష్ట్రం 2011 చివర్లో డిస్ట్రిక్టును తీసుకుని, 2012 జనవరి నుంచి జెఫ్ రైలీని రిసీవరుగా పెట్టింది. టీచర్ల ఒప్పందాన్ని పక్కన పెట్టే అధికారం ఆయనకుంది. దాన్ని ఆయన పొదుపుగా వాడిన తీరు గమనించాలి. రెండేళ్లలో ప్రిన్సిపళ్లలో దాదాపు సగం మందిని మార్చారు. టీచర్లలో పదింట తొమ్మిది మందిని ఉంచారు. యూనియన్ ఉన్న స్కూళ్లు యూనియన్‌తోనే ఉన్నాయి. సెంట్రల్ ఆఫీసు ఖర్చు తగ్గించి ఆ డబ్బు స్కూళ్లకు పంపి, దాన్ని ఎలా వాడాలో చాలావరకు స్కూళ్లకే వదిలారు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి సుమారు 200 గంటల సమయం పెంచారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది 'యాక్సిలరేషన్ అకాడమీలు'. ఫిబ్రవరి, ఏప్రిల్ సెలవుల్లో ఒక్క వారం, ఒక్క సబ్జెక్టు, పదిమంది పిల్లలకు ఒక టీచరు. వారానికి దాదాపు 25 గంటల పాఠం. టీచర్లను ఏరి పిలిచి, అదనపు డబ్బిచ్చి పెట్టారు. మొదటి రెండేళ్లలో గణితం స్కోర్లు బాగా పెరిగాయి, ఇంగ్లీషు కొద్దిగా పెరిగింది. ఈ పెరుగుదలలో చాలా భాగం ఆ సెలవు వారాల వల్లే వచ్చినట్టు పరిశోధకులు తేల్చారు. టేకోవర్ లేకుండా కూడా ఏ డిస్ట్రిక్టైనా ఈ పని చేయొచ్చు, అధికారం ఎవరిదైనా సరే. ఈ ఒక్క విషయం మీ బోర్డు సమావేశంలో ప్రశ్నగా వేయండి: "సెలవు వారాల్లో చిన్న గుంపులకు పాఠాలు పెట్టడానికి ఎంత కేటాయించారు?"

న్యూఆర్లీన్స్‌ను కూడా విజయంగా చెబుతారు. కత్రినా తుపాను వచ్చిన 2005లోనే చట్టం మార్చి, ఫెయిల్ అనే గీతను రాష్ట్ర సగటు దాకా పైకి జరిపి, వందకు పైగా స్కూళ్లను రాష్ట్రం తీసుకుంది. ఏడు వేలకు పైగా ఉద్యోగుల్ని తొలగించారు, వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి వాళ్లు, పదేళ్లూ ఇరవయ్యేళ్లూ అక్కడే పాఠాలు చెప్పినవాళ్లూ ఉన్నారు. స్కూళ్లు దాదాపు అన్నీ చార్టర్లయ్యాయి. పరీక్షల స్కోర్లు గణనీయంగా పెరిగాయి, అది నిజం. అయితే ఊరే ఖాళీ అయి మళ్లీ నిండింది, పిల్లాడి తలకు ఖర్చు కూడా పెరిగింది. ఇదే పద్ధతిని తుపాను లేకుండా, అదనపు డబ్బు లేకుండా టెనెస్సీ 2012లో మెంఫిస్‌లో ప్రయత్నించింది. అట్టడుగు 5 శాతంలోని స్కూళ్లను ఐదేళ్లలో పై 25 శాతానికి చేరుస్తామన్నారు. చేరలేదు. అదే మెంఫిస్‌లో స్థానిక డిస్ట్రిక్టే మంచి ప్రిన్సిపళ్లను, టీచర్లను అదనపు జీతంతో వెనకబడ్డ స్కూళ్లకు పంపి నడిపిన 'ఐ జోన్' మెరుగైన ఫలితాలు చూపించింది.

నెవార్క్ సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 2010లో మార్క్ జుకర్‌బర్గ్ ఇచ్చిన 10 కోట్ల డాలర్లు వచ్చినప్పటికి ఆ డిస్ట్రిక్టు 15 ఏళ్లుగా రాష్ట్రం చేతిలోనే ఉంది. విరాళంలో పెద్ద భాగం టీచర్ల కొత్త ఒప్పందానికి, చార్టర్ల విస్తరణకు వెళ్లింది. ఊరి జనాన్ని అడగకుండా స్కూళ్లను కలపడం, ఊరంతటికీ ఒకే ప్రవేశ పద్ధతి తేవడం వల్ల రేగిన కోపం సూపరింటెండెంటును ఇంటికి పంపింది. మొదటి కొన్నేళ్లు స్కోర్లు పడి, 2016 నాటికి ఇంగ్లీషు కోలుకుని మెరుగైంది, గణితం ఉన్నచోటే ఉంది.

ఇవన్నీ కలిపి చూస్తే? 2011 నుంచి 2016 మధ్య టేకోవర్ అయిన 35 డిస్ట్రిక్టులను దేశవ్యాప్త సమాచారంతో పరిశీలించిన అధ్యయనంలో సగటున చదువుకు మేలు జరిగినట్టు కనబడలేదు. ఇంగ్లీషు స్కోర్లు తొలి ఏళ్లలో కాస్త తగ్గాయి కూడా. సగటు సున్నా అంటే అన్ని చోట్లా సున్నా అని అర్థం కాదు. లారెన్స్ ఒక పక్క, మునిగినవి ఇంకో పక్క. అదే సమాచారం చెప్పే ఇంకో సంగతి, మార్కులు అంతే తక్కువగా ఉన్న రెండు డిస్ట్రిక్టుల్లో నల్లజాతి పిల్లలు ఎక్కువున్న దాన్నే రాష్ట్రం తీసుకునే అవకాశం ఎక్కువ. ఊళ్లో జనం ఎందుకు అంత ఉడికిపోతారో అర్థం కావాలంటే ఇది తెలిసి ఉండాలి.

హ్యూస్టన్, ఇప్పటి దాకా

మైక్ మైల్స్ సూపరింటెండెంటుగా వచ్చి మొదట 28 స్కూళ్లలో కొత్త పద్ధతి పెట్టారు, మరో 57 స్కూళ్లు చేరాయి. పాఠం సుమారు 45 నిమిషాలు, ఆ వెంటనే పది నిమిషాల చిన్న పరీక్ష. అర్థమైన పిల్లలు వేరే గదికి వెళ్లి ముందుకు సాగుతారు, కానివాళ్లు టీచరు దగ్గరే ఆగుతారు. ఆ వేరే గదులుగా చాలాచోట్ల లైబ్రరీలను వాడారు. రోజుకు ఏ పాఠం ఎలా చెప్పాలో స్లైడ్లతో సహా కేంద్ర ఆఫీసు నుంచి వస్తుంది. ఈ స్కూళ్లలో జీతాలు సబ్జెక్టును బట్టి, తరగతిని బట్టి పెంచారు.

2025 సంవత్సరపు రాష్ట్ర రేటింగుల్లో హ్యూస్టన్ డిస్ట్రిక్టు స్కూల్ ఒక్కదానికీ ఎఫ్ రాలేదు. దాన్ని తోసిపుచ్చడం సరికాదు. అదే సమయంలో పిల్లల సంఖ్య తగ్గుతోంది, సర్టిఫికేషన్ లేని టీచర్ల వాటా పెరిగింది, అనుభవం ఉన్నవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. 2024 నవంబరులో 440 కోట్ల డాలర్ల బాండును ఓటర్లు తిప్పికొట్టారు. టేకోవర్లు తడబడే చోటు ఇదే. నియమిత బోర్డు టీచర్లను మార్చగలదు, పాఠం మార్చగలదు. కొత్త భవనాలకు అప్పు తేవాలంటే మాత్రం ఓటరు దగ్గరికే రావాలి, తన ఓటును పక్కన పెట్టిన వాళ్లకు ఓటరు ఎందుకు డబ్బివ్వాలి? పాత ఏసీలు, సీసపు పైపులు అలాగే ఉంటాయి.

రేటింగులు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. టెక్సస్ 2023లో ఫార్ములా మార్చింది. ఉదాహరణకు హైస్కూలు పిల్లలు కాలేజీకో ఉద్యోగానికో సిద్ధంగా ఉన్నారా అనే కొలతలో 'ఏ' (A) గ్రేడుకు కావలసిన అంకెను 60 నుంచి 88కి పెంచింది. కోర్టు కేసు వల్ల 2023 రేటింగులు 2025లోగానీ బయటికి రాలేదు. 2025 గ్రేడును 2022 గ్రేడుతో పోల్చకండి, 2023తో పోల్చండి. అంతకన్నా నమ్మదగింది నేప్ పరీక్ష. రెండేళ్లకోసారి నాలుగో, ఎనిమిదో తరగతి పిల్లల నమూనాకు పెడతారు. హ్యూస్టన్, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా, క్లీవ్‌లాండ్ వంటి నగరాలకు విడిగా స్కోర్లు ఇస్తారు. స్కూలు పేరు బయటికి రాదు కాబట్టి దానికోసం ఎవరూ పిల్లల్ని తయారుచేయరు. రాష్ట్ర పరీక్షలో పెరిగి, నేప్‌లో కదలకపోతే, పెరిగింది పరీక్ష రాసే నేర్పు అయి ఉండొచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సినవి

ముందుగా టేకోవర్ ఉత్తర్వు సంపాదించి, బయటికి వచ్చే షరతులు ఏమిటో చూడండి. ఎంట్రీ షరతులు అందరూ చదువుతారు, ఎగ్జిట్ షరతులు ఎవరూ చదవరు. నెవార్క్ 22 ఏళ్లు, జెర్సీ సిటీ 30 ఏళ్లకు పైగా రాష్ట్రం కింద ఉండడానికి ఇదీ ఒక కారణం. న్యూజెర్సీ ఐదు విభాగాల్లో మార్కులు వేస్తుంది: బోధన, సిబ్బంది, ఆర్థికం, నిర్వహణ, పాలన. ఒక్కోదానిలో 80 శాతం దాటితే ఆ విభాగం తిరిగివ్వాలి. వినడానికి చక్కగా ఉంది. ఆచరణలో, దాటిన తర్వాత కూడా తిరిగివ్వాలా వద్దా అన్నది రాష్ట్ర అధికారుల మాటగానే నడిచింది. షరతులో అంకె, తేదీ, ఎవరు కొలుస్తారన్నది మూడూ లేకపోతే ఆ టేకోవరుకు ముగింపు లేనట్టే లెక్క. హ్యూస్టన్ షరతులు మూడు: ఏళ్ల తరబడి ఫెయిలయ్యే స్కూలు ఉండకూడదు, స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టబద్ధంగా నడవాలి, బోర్డు తన పని తాను చేయాలి. 2025లో గడువును 2027 జూన్ దాకా పొడిగించారు.

మీ పిల్లలకు ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు విడిగా రాసే చదువు ప్రణాళిక) ఉంటే కింది సంగతి మరీ ముఖ్యం. స్పెషల్ ఎడ్యుకేషన్ హక్కులు కేంద్ర చట్టం కిందివి, టేకోవర్ వాటిని ఒక్క రోజు కూడా ఆపలేదు. ఆచరణలో మాత్రం సిబ్బంది మారినప్పుడు ఫైళ్లు జారిపోతాయి, థెరపీ నిమిషాలు తగ్గుతాయి, "కొత్త షెడ్యూలులో కుదరడం లేదు" అంటారు. ఇప్పుడే ఐఈపీ పూర్తి కాపీ, గత ఏడాది సేవల లాగ్ అడిగి తీసుకోండి. అడిగేదేదైనా ఈమెయిల్లో అడగండి. టెక్సస్‌లో పిల్లాడిని పరీక్షించమని రాతపూర్వకంగా అడిగితే డిస్ట్రిక్టు 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి. మీరు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాక 45 స్కూలు రోజుల్లో మూల్యాంకనం పూర్తి చేయాలి. నోటిమాటగా అడిగితే ఈ గడియారం మొదలుకాదు.

స్కూలు పరిస్థితి చూడ్డానికి గ్రేడు కన్నా మూడు విషయాలు అడగండి. నిరుడు ఉన్న టీచర్లలో ఈ ఏడాది ఎంతమంది ఉన్నారు? గణితం, రీడింగు చెప్పేవాళ్లలో సర్టిఫికేషన్ ఉన్నవాళ్లెందరు? అక్టోబరు నాటికి ఖాళీగా ఉండి సబ్‌స్టిట్యూట్‌తో నడుస్తున్న తరగతులెన్ని? ప్రిన్సిపల్ చెప్పకపోతే పబ్లిక్ రికార్డుల చట్టం కింద డిస్ట్రిక్టును అడగొచ్చు. ఒక స్కూల్లో ప్రతి ఏటా మూడో వంతు టీచర్లు మారుతుంటే ఏ పద్ధతి పెట్టినా నిలవదు, ఎంత మంచి ప్రిన్సిపల్ వచ్చినా సరే.

డబ్బు విషయంలో బడ్జెట్టు పుస్తకం మొత్తం చదవనక్కర్లేదు. వార్షిక ఆడిట్‌లో జనరల్ ఫండ్ (రోజువారీ ఖర్చుల నిధి) మిగులు, పిల్లల సంఖ్య అంచనా, అసలు వచ్చిన సంఖ్య చూడండి. వరసగా మూడేళ్లు అంచనా ఎక్కువగానూ వచ్చినవాళ్లు తక్కువగానూ ఉంటే, కోత రాబోతోందని అర్థం. మిషిగన్‌లో ప్రధానంగా అక్టోబరు లెక్కింపు రోజున బడిలో ఉన్న పిల్లలే డబ్బు తెస్తారు. టెక్సస్‌లో చేరిక చాలదు, ఏడాది పొడవునా సగటు హాజరును బట్టి ఇస్తారు. మీ పిల్లాడు ఊరికే మానేసిన ప్రతి రోజూ స్కూలుకు డబ్బు నష్టమే.

వెంటనే ఇల్లు మారాలా అని కూడా అడిగారు. టేకోవర్ అయినంత మాత్రాన మారనక్కర్లేదు. బాగా నడుస్తున్న స్కూళ్లను మొదటి ఏడాది సాధారణంగా కదపరు, అక్కడి మంచి ప్రిన్సిపల్‌ను వేరే చోటికి పంపితేనో, పాఠం చెప్పే స్వేచ్ఛ తీసేస్తేనో అప్పుడు ఆలోచించండి. శివారు డిస్ట్రిక్టుకు వెళ్తే ఇంటి ధరలోనూ, ఆస్తి పన్నులోనూ ఆ తేడా కడతారు. మీ స్కూల్లో పై మూడు ప్రశ్నలకు జవాబులు బాగుంటే ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి కారణం లేదు.

ఇక ఎన్నికలు. బోర్డు అధికారం పోయినా టెక్సస్ లాంటి చోట ఎన్నికలు ఆగవు, గెలిచినవాళ్లు అధికారం లేకుండా వేచి ఉంటారు. గడువు తీరాక మూడో వంతు చొప్పున వాళ్లు తిరిగి కూర్చుంటారు. అధికారం లేని సీటు కదా అని అప్పుడు పోటీకి చాలామంది ముందుకు రాకపోవచ్చు, ఓటింగు కూడా పలచగా ఉండొచ్చు. తిరిగి వచ్చిన రోజున డిస్ట్రిక్టును నడపబోయేది వాళ్లే కాబట్టి, మీ ప్రాంతపు సీటుకు నామినేషన్ల గడువు ఎప్పుడో కౌంటీ ఎన్నికల ఆఫీసులో కనుక్కుని పెట్టుకోండి.